సూదుల డబ్బా

ఆసుపత్రిలో నన్ను అందరూ బోర్డక్క అంటారు. మొహం మీద కాదు, వెనకాల. పద్నాలుగేళ్లు వార్డులో నర్సుగా చేసినా రాని బిరుదు, సిబ్బంది భద్రత చూసే ఉద్యోగంలోకి మారిన ఏడాదికే వచ్చింది. దానికి కారణం పెద్ద గేటు లోపల నేను పెట్టించిన నల్లబోర్డు. "సిబ్బందిలో ఎవరికీ దెబ్బ తగలకుండా గడిచిన రోజులు" అని పైన తెల్లటి అక్షరాలు, కింద అంకె. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ అంకెను నేనే చెరిపి నేనే రాస్తాను. ఎవరైనా మెట్ల మీద జారినా, మందు చేతి మీద ఒలికినా, సూది గుచ్చుకున్నా అది మళ్లీ సున్నా నుంచి మొదలవ్వాలి. ఆ శుక్రవారం రెండు వందల తొంభై ఎనిమిది రాశాను. రాసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను కూడా. కాకి పిల్ల కాకికి ముద్దు.

ఆ అంకె మూడు వందలు దాటితే ప్రతి విభాగానికీ వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నది ఒకటి ఇస్తామని సూపరింటెండెంటు గారు మీటింగులో ప్రకటించారు. వంటగదికి కొత్త పొయ్యి, ఎక్స్‌రే వాళ్లకి కుర్చీలు, లాండ్రీకి గోడలో బిగించే పెద్ద ఫ్యాన్లు రెండు. ఆ ఆలోచన ఆయనదే గానీ తల ఊపింది నేను. మనుషులు ఉక్క లేకుండా పనిచేయడం బహుమతిగా ఇచ్చేది కాదని ఆ రోజు నాకు తట్టలేదు. పైగా సోమవారం తనిఖీ బృందం వస్తోంది. వాళ్లు లోపలికి అడుగు పెట్టగానే మొదట కనపడేది నా బోర్డే.

లాండ్రీ కింది అంతస్తులో, బాయిలర్ పక్కన ఉంటుంది. పదకొండు మంది ఆడవాళ్లు, వాళ్ల మీద ఒక సూపర్‌వైజరు. ఆయన చొక్కా మడత ఏ వేళ చూసినా నలగదు కాబట్టి ఇస్త్రీ మేస్త్రీ అని పేరు పెట్టుకున్నారు. ఆ పదకొండు మందిలో మా వదిన కూడా ఉంది. అమ్మ పోయినప్పుడు నాకు పదమూడేళ్లు. ఆ ఏడాదే మా ఇంటికి కోడలిగా వచ్చి, నా జడ వేసి, నన్ను నర్సింగుకి పంపింది వదినే. నేను పెళ్లి చేసుకోలేదు. అన్నయ్య, వదినలతోనే ఉంటాను. పిల్లలు పెద్దవాళ్లై ఇంట్లో తోచడం లేదంటే నాలుగేళ్ల కిందట లాండ్రీలో చేర్పించింది నేనే. అక్కడ అందరి ముందూ నన్ను మేడం అంటుంది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గదా, మా ఆడబిడ్డ ఇంట్లో అర్ధమొగుడు, ఆసుపత్రిలో పూర్తి పోలీసు అని తోటివాళ్లతో చెప్పి నవ్విస్తుందట.

ఆ శుక్రవారం పదకొండు గంటలకు లాండ్రీకి రౌండుకి వెళ్లాను. బ్లీచింగు డబ్బాల మీద పేర్లు రాసి ఉన్నాయో లేదో చూద్దామని అలమర పై అరలో చేయి పెట్టాను. వెనకాల ఒక పాత బిస్కట్ల డబ్బా తగిలింది. తీస్తే బరువుగా ఉంది. కదిలిస్తే లోపల గలగలమంది. మూత తీశాను. నిండా సూదులు. ఇంజెక్షన్ సూదులు, సెలైన్ పెట్టే సూదులు, వాటి మధ్య ఆపరేషన్ గదిలో వాడే బ్లేడు ఒకటి. కొన్నిటి మీద నెత్తురు ఎండి నల్లబడి ఉంది.

"ఇదేంటి?" అన్నాను.

"నేను చూళ్లేదు మేడం," అన్నాడు ఇస్త్రీ మేస్త్రీ. ఆయన్ని నేనింకా అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

మిగతావాళ్లు ఉతికే యంత్రాల వైపు, గోడల వైపు చూశారు. చివరికి అందరికన్నా ముందు నుంచీ అక్కడ పనిచేస్తున్న పెద్దామె నోరు విప్పింది.

"దుప్పట్లలో దొరికినవమ్మా. వార్డుల వాళ్లు తియ్యకుండా చుట్టేసి పంపిస్తారు. చెత్తలో పారేస్తే ఇంకెవరికన్నా గుచ్చుకుంటాయని అందులో వేస్తున్నాం."

"దొరికితే రాయమని పుస్తకం పెట్టాను గదా. ఒక్కటి కూడా రాయలేదేం?"

"రాస్తే పిలుస్తారు. పిలిస్తే అడుగుతారు. అడిగితే ఇంకోటేదో బయటికొస్తుంది. మీ బోర్డు చెడుతుంది, మా ఫ్యాన్లు పోతాయి. ఇంకెంత, రెండ్రోజులే గదా అనుకున్నాం."

ఆ పుస్తకం ఖాళీగా ఉన్నందుకు నేను మీటింగుల్లో ఎంత గొప్పలు చెప్పుకున్నానో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

వాళ్ల పని తీరు నాకు తెలుసుననుకున్నాను. తెలియదని అప్పుడు తెలిసింది. వార్డుల నుంచి వచ్చిన మూటలను విప్పి దుప్పట్లు, గలీబులు వేరుచేసే చోట ఒక స్టీలు బల్ల ఉంటుంది. నేను తెప్పించిచ్చిన మందపాటి గ్లౌజులు ఆ గోడకే, కొత్తగా వేలాడుతున్నాయి. అవి మగవాళ్ల కొలతవి. "ఒక్కోదాంట్లో మావి రెండు చేతులూ పట్టి, ఇంకా చోటు మిగులుద్ది," అంది పెద్దామె. పైగా ఆ ఉక్కలో వేసుకుంటే పది నిమిషాల్లో చెమట కారిపోతుంది. అందుకని వట్టి చేతులతోనే దుప్పటి కొసలు పట్టుకుని బల్ల మీద విదిలిస్తారు. లోపల సూది ఉంటే స్టీలు మీద పడి టింగుమంటుంది. చప్పుడు వినబడితే పటకారుతో తీసి డబ్బాలో వేస్తారు. వినబడకపోతే లేదన్నట్టు. యంత్రాలు మూడు ఒకేసారి తిరిగే గదిలో, చెవులతో సూదులు వెతుకుతున్నారు వీళ్లు.

"ఎవరికైనా గుచ్చుకుందా?" అన్నాను. "ఈ మధ్య, ఎప్పుడైనా సరే. చెప్పండి. ఎవరినీ ఏమీ అనను."

తేలు కుట్టిన దొంగల్లా అందరూ నిలబడ్డారు. నాకు కోపం కన్నా భయం ఎక్కువైంది. ఎవరికి వాడిన సూదో తెలియనిది గుచ్చుకుంటే, హెచ్ఐవి రాకుండా వేసుకునే మాత్రలున్నాయి. వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా డెబ్బై రెండు గంటల లోపల మొదలుపెట్టాలి. దాటితే వాటి వల్ల లాభం లేదు. నెలకోసారి వీళ్లందరినీ కూర్చోబెట్టి ఈ మాట అరగదీసి చెప్పేదాన్ని. డెబ్బై రెండు అని వేళ్లతో చూపించి మరీ చెప్పేదాన్ని.

ఇస్త్రీ యంత్రం దగ్గర నుంచి వదిన నాలుగడుగులు ముందుకొచ్చింది.

"నాకు గుచ్చుకుంది మేడం," అంది. ఎడమ బొటనవేలు చూపించింది. గోరు పక్కన చిన్న నల్లటి చుక్క.

"ఎప్పుడు?"

వదిన ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "నిన్న. అన్నాల వేళకి ముందు."

గడియారం చూసుకున్నాను. నిన్నటి పదకొండు నుంచి ఇవాళ్టి పదకొండుకి ఇరవై నాలుగు. ఇంకా నలభై ఎనిమిది గంటలు చేతిలో ఉన్నాయి. వదిన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, దాదాపు ఈడ్చుకుంటూ ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. దారిలో తిట్టాను కూడా. నిన్న ఇంటికొచ్చి నా పక్కనే కూర్చుని టీవీ చూశావు, ఒక్క ముక్క చెప్పడానికి నోరేమైంది అని. వదిన తలొంచుకుని నడిచింది.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ చిన్నది, నెమ్మదస్తురాలు. ముందు నెత్తురు పరీక్షకి తీయించింది. గుచ్చుకున్నది ఎప్పుడని అడిగి, వదిన చెప్పింది విని, కాగితం మీద రాసుకుంది.

"భయపడకండి. ఆ సూది నిజంగా జబ్బున్నవాళ్లదే అయినా మూడొందల మందిలో ఒక్కరికి వస్తుంది. టైములో వచ్చారు. ఇరవై ఎనిమిది రోజులు ఒక్క పూట తప్పకుండా వేసుకోవాలి. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. ఓర్చుకోండి. ఆరు వారాలు నిండాక ఒకసారి, మూడు నెలలు నిండాక ఇంకోసారి పరీక్ష చేస్తాం."

మూడొందల్లో ఒకటి చిన్న అంకే. ఆ ఒకటి మన ఇంటిది కానంతవరకూ.

మొదటి మాత్ర వదిన నా ముందే మింగింది. ఆ నీళ్లు గొంతు దిగుతుంటే నాకు ఊపిరి వచ్చింది. టైముకి పట్టుకున్నాను అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త గర్వం కూడా కలిగింది. ఆ డబ్బా నేను తీయకపోతే ఏమయ్యేదో అని.

అక్కణ్నుంచి నేరుగా గేటు దగ్గరికి వెళ్లి రెండు వందల తొంభై ఎనిమిదిని చెరిపేసి సున్నా రాశాను. పావుగంటలో సూపరింటెండెంటు గారు పిలిపించారు.

"సోమవారం దాకా ఆగలేకపోయావా?" అన్నారు.

"సూది ఆగలేదు సార్."

"నోరు కాస్త అదుపులో పెట్టుకో. లాండ్రీ ఫ్యాన్ల సంగతి ఇంక వచ్చే ఏడాది చూద్దాం."

నేను ఆయన బల్ల మీదే కాగితం తీసుకుని, గాలి వచ్చే ఏర్పాటు, సరైన కొలత గ్లౌజులు వచ్చేదాకా ఆ బల్ల దగ్గర ఎవరూ పనిచేయడానికి వీల్లేదని రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఆ అధికారం నాకు మొదటి రోజు నుంచీ ఉంది. ఏనాడూ వాడలేదు, అంతే. తనిఖీ భయానికి ఆదివారమే ఫ్యాన్లు బిగించారు. రెండు రోజుల్లో రాగలిగిన వాటి కోసం ఆ ఆడవాళ్లు మూడేళ్లుగా అడుగుతున్నారు.

ఇంట్లో రోజులు కష్టంగా నడిచాయి. అన్నయ్యకి నేనే కూర్చోబెట్టి చెప్పాను. మూడు నెలలు జాగ్రత్తగా ఉండాలని కూడా చెప్పాను. సిటీ బస్సు నడిపే మనిషి, ఊరంతటి మీదా అరిచే గొంతు. ఆ రోజు వదిన పడుకుంటే మంచం చివర కూర్చుని చాలాసేపు ఆమె పాదాలు పట్టుకుని ఉన్నాడు.

మాత్ర వేసుకున్న గంటకల్లా వదినకి వాంతి అయ్యేది. తిన్నది నిలిచేది కాదు. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. నేను పొద్దున్నే నీళ్ల గ్లాసుతో తన ముందు నిలబడేదాన్ని. మాత్ర నోట్లో వేసుకుని, మింగి, నాలుక చాపి చూపించేది. "చూసుకో పోలీసమ్మా," అనేది. అప్పుడు గానీ నాకు ముద్ద దిగేది కాదు. కేలండరు మీద రోజులు కొట్టేస్తూ వచ్చాను. పది కొట్టేశాను.

పదకొండో రోజు ఆఫీసులో విచారణ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. దెబ్బ తగిలిన రెండు వారాల్లోపు అది పూర్తిచేసి పంపాలి. సూది ఏ వార్డు దుప్పట్లో వచ్చిందో తేల్చాలంటే ఆ రోజు బల్ల దగ్గర ఎవరున్నారో, ఏ మూటలు విప్పారో చూడాలి. ఇస్త్రీ మేస్త్రీ దగ్గర డ్యూటీ చార్టు తెప్పించాను. గురువారం బల్ల దగ్గర వేరే ఇద్దరి పేర్లున్నాయి. వదిన ఇస్త్రీ యంత్రం దగ్గర ఉంది. అక్కడికి వచ్చేవి ఉతికి, పిండి, ఆరిన దుప్పట్లు. వారమంతా చూశాను. వదిన బల్ల దగ్గర చేసింది ఒక్కటే రోజు. సోమవారం. పెద్దామెతో కలిసి.

ఉతికిన దుప్పట్లో కూడా ఒక్కోసారి సూది మిగిలిపోతుందేమోనని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే కిందికి దిగాను. పెద్దామె కొత్త ఫ్యాను కింద కూర్చుని గలీబులు లెక్కపెడుతోంది. నేనడగగానే చేతిలోవి పక్కన పెట్టేసింది.

"నా పక్కనే గుచ్చుకుందమ్మా. సోమవారం పొద్దున. సబ్బు పెట్టి కడిగింది. మీకు చెప్పమని ఎంత మొత్తుకున్నానో. మా పిల్ల బోర్డు మూడొందలు కానీ, అప్పుడు చెప్తాలే అంది. ఇదివరకు రెండుసార్లు గుచ్చుకున్నా ఏమీ కాలేదు గదా అంది."

సోమవారం పొద్దున నుంచి శుక్రవారం పొద్దునకి తొంభై ఆరు గంటలు. నేను డబ్బా తీసేసరికే గడువు దాటి ఒక పూర్తి రోజైంది. లాండ్రీకి వారానికి రెండు రౌండ్లు, బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి. నా రౌండ్ల రిజిస్టరు తీశాను. బుధవారం దగ్గర టిక్కు ఉంది. నా చేత్తో పెట్టిన టిక్కే. ఆ రోజు తనిఖీ కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను, కిందికి వెళ్లలేదు. ఎలాగూ అక్కడ ఏమీ జరగదు, పుస్తకం ఖాళీగానే ఉంటుంది అనుకుని టిక్కు పెట్టేశాను. బుధవారం వెళ్లి అదే డబ్బా తీసి ఉంటే నలభై ఎనిమిది గంటలు. టైము ఉండేది. ఊళ్లోవాళ్లందరికీ నీతులు చెప్పే దాన్ని, నేను వెళ్లాల్సిన ఒక్క గదికి నేను వెళ్లలేదు.

సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. వదిన పెరట్లో, మెట్టు మీద కూర్చుని ఉంది. అప్పుడే వాంతి చేసుకున్నట్టుంది, మొహం మీద నీళ్లు తుడుచుకోలేదు. నేను పక్కన కూర్చున్నాను.

"సోమవారం గదా వదినా," అన్నాను.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. కాదనలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు రోజూ ఇంటికొచ్చి ఆ అంకె చెప్తావు గదా. మీ నాన్న పోయాక నువ్వట్లా నవ్వడం నేను చూళ్లేదు పిల్లా. నాలుగు రోజులాగితే ఏం పోయింది అనుకున్నాను. బుద్ధి గడ్డి తింది."

"సరే. శుక్రవారం నిన్న అని ఎందుకన్నావు? నిజం చెప్పి ఉంటే..." అని ఆగిపోయాను. నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపేది.

"డెబ్బై రెండు గంటలని నువ్వే గదా క్లాసులో చెప్పావు," అంది వదిన. "దాటిపోయిందని నాకూ తెలుసు. ఆ డబ్బా పట్టుకుని నువ్వు నిలబడ్డావు చూడు, నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. సోమవారమని అంటే అక్కడే పడిపోయేదానివి."

"పనిచేయవని తెలిసి మరి ఎందుకు మింగుతున్నావు? పదకొండు రోజుల్నుంచి పేగులు బయటికొచ్చేలా కక్కుతూ, ఎవరి కోసం?"

వదిన నా వైపు తిరగలేదు. కొంగు చివర నెమ్మదిగా మడత పెట్టింది.

"నేను మింగితే గానీ నువ్వు అన్నం తినడం లేదుగా," అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. ముప్పై ఏళ్ల కిందట ఆమె నా జడ వేస్తూ ఏడవకే ఏడవకే అంటే ఎట్లా ఏడ్చానో అట్లాగే ఏడ్చాను. వదిన నా తల తన భుజం మీదికి లాక్కుంది. ఆ భుజం ఎముకలు నా చెంపకి గుచ్చుకున్నాయి.

సాయంత్రం డాక్టరమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఆపేయండి," అంది. "ఉపయోగం లేదు, ఊరికే ఆవిడ ఒళ్లు గుల్లవుతుంది. పరీక్ష తేదీలు మాత్రం సోమవారం నుంచి లెక్కపెట్టి మారుద్దాం. అప్పటిదాకా ఎదురుచూడ్డమే మేడం. రాకపోవడానికే ఎక్కువ అవకాశం, అది మర్చిపోకండి."

విచారణ కాగితంలో గుచ్చుకున్న తేదీ దిద్దాను. ఆలస్యానికి కారణం అన్న చోట బుధవారం రౌండుకి నేను వెళ్లలేదని, వెళ్లినట్టు టిక్కు పెట్టానని రాశాను. దాని మీద వాళ్లు నన్నేం చేస్తారో తెలియదు. ఏం చేసినా పెద్ద బాధ లేదు. పరీక్షకి ఇంకా నాలుగు వారాలుంది.

మర్నాడు పొద్దున వదిన మాత్రల డబ్బీ తీయలేదు. నేనూ గ్లాసు పట్టుకుని వెళ్లలేదు. ఏం చేయాలో తెలియక వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. వదిన నన్ను కూర్చోమని, కంచంలో అన్నం పెట్టి, మొదటి ముద్ద నా నోట్లోకి వెళ్లేదాకా ఎదురుగా నిలబడి చూసింది.